కేకు పైపూతయు, రాలుపొడియు

తెల్లని పైపూతలో గోధుమవన్నె నలుసులు అక్కడక్కడ తేలియుండుట పుట్టినరోజు వేడుకలలో తరచు కనబడు దృశ్యము. కేకు రుచికి లోపము లేదు. వెన్న, గ్రుడ్లు, చక్కెర అన్నియు మేలైనవే. అయినను పూటంతయు శ్రమించిన గృహిణికి దానిని అతిథుల యెదుట నుంచుటకు మనసొప్పదు. ఐసింగు అని పిలువబడు ఈ పూతలో కేకు పొడి యేల కలియును? దానిని నివారించు మార్గమేది? ఈ విషయమును మనమిప్పుడు విచారింతము.

ఓవెను నుండి అప్పుడే తీసిన కేకు మిక్కిలి సుకుమారమైనది. అందలి వెన్న కరగియుండును. పిండిలోని గంజిపదార్థము ఇంకను బిగిసికొనదు. అప్పుడు కత్తి తగిలినచో పొడి రాలక తప్పదు. పైగా ఆ వేడికి పూతలోని వెన్నయు కరగి జారిపోవును. కావున మొదట కావలసినది ఓపిక. కేకును 10 నిమిషములు అచ్చులోనే యుంచి, పిమ్మట తీగెల జల్లెడవంటి పీటపైకి మార్చి పూర్తిగా చల్లారనీయవలెను. ముందునాడే కాల్చి, చల్లారిన తరువాత వెన్నకాగితము చుట్టియుంచి, మరునాడు పూత పూయుట ఇంకను మేలు.

కేకు నడుమ ఉబ్బియున్నచో రంపపు పండ్లు గల కత్తితో, నొక్కక, మెల్లగా కోసి సమము చేయవలెను. తరువాత దానిని బోర్లించినచో అచ్చు అడుగున నున్న నున్నని భాగము పైకి వచ్చును. కోసిన ముఖము క్రిందికి పోవును. ఇంతమాత్రముననే సగము చిక్కు తీరును. మిగిలిన పొడిని మెత్తని పొడి కుంచెతో దులిపి, పళ్లెమును శుభ్రముగా తుడువవలెను.

గోడకు వెల్ల వేయువారు ముందు దుమ్ము దులిపి, పలుచగా ఒక పూత పూసి, అది ఆరిన పిమ్మటనే రెండవ పూత వేయుదురు కదా! ఇచ్చటను అదియే పద్ధతి. 100 గ్రాముల వెన్నకు 200 గ్రాముల చక్కెర పొడి చొప్పున గిలకొట్టిన పూతలో నాలుగవ వంతు వేరొక గిన్నెలోనికి తీసి, చెంచాడు పాలతో పలుచన చేయవలెను. దీనిని కేకు కనబడునంత పలుచగా అంతటను పూయవలెను. ఇందులో పొడి కలిసినను చింత లేదు. ఆ పొడిని పట్టి నిలుపుటయే దీని పని. పిమ్మట సుమారు అరగంట రెఫ్రిజిరేటరులో నుంచి, వ్రేలికి అంటనంత గట్టిపడిన తరువాత అసలు పూత వేయవలెను.

ఒక్క విషయము మరువరాదు. మొదటి పూతకు వాడిన కత్తిని అసలు పూత గిన్నెలో ముంచరాదు. కత్తిని పట్టి వచ్చిన పిడికెడు పొడి గిన్నెడు పూతను పాడుచేయును. అసలు పూతను ఒకేమారు ఎక్కువగా పైన వేసి, కత్తి కేకును తాకకుండ పూతపైననే నడుపుచు అంచులకు నెట్టవలెను.

ఇంగ్లండులో పండ్ల కేకులకు వేరొక పద్ధతి కలదు. ఆప్రికాటు జామును కొద్ది నీటితో వేడిచేసి, వడగట్టి, కుంచెతో కేకునకు పూయుదురు. దానిపై బాదము ముద్దను పరచి, ఆపైన తెల్లని చక్కెర పూత వేయుదురు. 1769లో ఎలిజబెత్ రాఫాల్డు ప్రకటించిన పాకగ్రంథముననే పెండ్లి కేకునకు బాదము పూత, దానిపై చక్కెర పూత చెప్పబడినవి. బాదము ముద్ద రుచి కొరకే కాదు. కేకు పొడియు, దాని రంగును తెల్లని పూతను చేరకుండ అడ్డుగోడవలె నిలుచును. వెన్న పూతకు ముందును ఈ జాము పూత చక్కగా పనికివచ్చును. ఆప్రికాటు జాము దొరకనిచోట లేతరంగు జామపండు జెల్లీని వాడవచ్చును.

మన వేసవిలో వెన్న త్వరగా మెత్తబడును గనుక ఈ పనిని ఉదయపు చల్లదనములో ముగించుట మంచిది. కోసి తీసిన ముక్కలను, దులిపిన పొడిని పారవేయ నక్కరలేదు. కొంచెము జాము చేర్చి ఉండలు చుట్టినచో, కేకు కోయువరకు ఆగలేని పిల్లలు సంతోషముతో ఆరగింతురు.