హాస్పిటల్ కోసం సిటీలో నెల రోజులా? కిచెన్ ఉన్న ఫ్లాట్ నుంచే వర్క్ ఫ్రమ్ హోమ్.. అడ్వాన్స్ కొట్టే ముందు ఇవి చూడండి!

అమ్మకో, నాన్నకో రేడియేషన్ రాశారు. వారానికి 5 రోజులు రావాలి, కొన్ని వారాల పాటు సాగుతుంది అన్నారు డాక్టర్. ఊరేమో ఖమ్మమో, కర్నూలో. రోజూ వచ్చి వెళ్లే దూరం కాదు. చుట్టాలింట్లో నెల రోజులంటే మొహమాటం. లీవులు చూస్తే అయిపోవచ్చాయి. ఒక్కటే ఊరట.. ఎక్కడి నుంచైనా పని చేసుకోమని ఆఫీసు ఒప్పుకుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి కుటుంబాలు ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది సర్వీస్ అపార్ట్‌మెంట్ల వైపే. మంచాలు, ఫ్రిజ్, వైఫై, చిన్న కిచెన్ అన్నీ రెడీగా ఉంటాయి. బ్యాగు పట్టుకుని దిగిపోవడమే. కానీ తొందరపడి బుక్ చేస్తే అటు పేషెంట్‌కు ఇబ్బంది, ఇటు ఉద్యోగానికి ఇబ్బంది. మరి ఏం చూసుకోవాలి?

ఆఫీసు కాదు.. హాస్పిటలే దగ్గరుండాలి

ఐటీ ఉద్యోగి అనగానే గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వెతకడం అలవాటు. ఇక్కడ లెక్క వేరు. ల్యాప్‌టాప్ ఎక్కడైనా పని చేస్తుంది, పేషెంట్ మాత్రం రోజూ ట్రాఫిక్‌లో కూర్చోలేరు. ట్రీట్‌మెంట్ బంజారాహిల్స్‌లోని బసవతారకంలోనో, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జేలోనో, పంజాగుట్ట నిమ్స్‌లోనో అయితే ఆ చుట్టుపక్కలే చూడాలి. రేడియేషన్ బల్ల మీద ఉండేది సాధారణంగా కొద్ది నిమిషాలే. అసలు టైమ్ తినేసేది రాకపోకలు, వెయిటింగ్. ఫ్లాట్ దగ్గరుంటే ఉదయం స్లాట్‌కు వెళ్లొచ్చి మధ్యాహ్నం మీటింగ్‌కు కూర్చోవచ్చు. స్లాట్ టైమ్ ముందే అడిగి, దాన్ని బట్టి ఆఫీసు క్యాలెండర్ బ్లాక్ చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

సింగిల్ రూమ్‌తో చిక్కే

స్టూడియో రూమ్ అద్దె తక్కువే. కానీ అమెరికా క్లయింట్ కాల్స్ ఉన్నవాళ్లకు అది కుదరదు. అక్కడ పొద్దున అయితే ఇక్కడ రాత్రి. పక్క మంచం మీద పేషెంట్ పడుకుని ఉంటే లైటు వేయలేరు, గొంతు పెంచలేరు. తలుపు వేసుకునే వీలున్న ఇంకో గది ఉన్న ఫ్లాట్ తీసుకోవడమే మేలు. డైనింగ్ టేబుల్, వీపుకు ఆనే కుర్చీ ఉన్నాయో లేదో ఫొటోల్లో కాదు, వీడియో కాల్‌లో చూపించమనాలి. బాత్‌రూమ్ వెస్టర్న్‌దేనా, నేల జారుతుందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

వైఫై ఉంది అంటే సరిపోదు

ఓనర్ చెప్పే 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ స్పీడే కావచ్చు. వీడియో కాల్‌లో మన మాట అవతలికి చేరాలంటే కావాల్సింది అప్‌లోడ్. క్లియర్ వీడియోకు రెండు వైపులా 4 ఎంబీపీఎస్ దాకా నిలకడగా ఉంటే చాలు. పని చేసుకునే గదిలోనే స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపమనండి. హాల్‌లో వచ్చే సిగ్నల్ బెడ్‌రూమ్‌లో రాకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న పవర్ బ్యాకప్. 'జనరేటర్ ఉంది' అంటారు. అది లిఫ్ట్‌కేనా, ఫ్లాట్‌లోని రూటర్ ప్లగ్‌కు కూడానా? విడదీసి అడగాలి. కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే నాలుగో అంతస్తు నుంచి పేషెంట్‌ను దించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఎందుకైనా మంచిది, వైఫై కంపెనీది కాకుండా వేరే నెట్‌వర్క్ సిమ్ ఫోన్‌లో ఉంచుకోవాలి. అందరూ వాడే వైఫై కాబట్టి ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో లేకుండా పని ఫైళ్లు తెరవొద్దు.

కిచెన్‌లో ఏముందో లిస్ట్ అడగండి

ఈ ఫ్లాట్ తీసుకునేదే ఇంటి తిండి కోసం. ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు నోరు సహించదు, కారం, మసాలా పడదు. ఒకపూట జావ, ఒకపూట మెత్తటి పప్పన్నం అడుగుతారు. హోటల్ పార్శిల్‌తో నెల గడవదు. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నది డాక్టర్‌నో, హాస్పిటల్ డైటీషియన్‌నో అడిగి రాసుకోవాలి.

చాలా ఫ్లాట్లలో గ్యాస్ ఉండదు, ఇండక్షన్ స్టవ్ ఉంటుంది. మామూలు అల్యూమినియం గిన్నెలు దాని మీద పని చేయవు. గిన్నె అడుగున అయస్కాంతం అతుక్కుంటేనే వేడెక్కుతుంది. ఇండక్షన్ బేస్ కుక్కర్, రెండు గిన్నెలు ఇంటి నుంచే తెచ్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది. కూరగాయలకు మెహిదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లు ఉన్నాయి. కాల్స్ ఎక్కువున్న రోజు అన్నం వండుకుని, తమ వరకు కర్రీ పాయింట్‌లో కూర తెచ్చుకుంటే సరి. పేషెంట్‌కు మాత్రం అప్పుడే వండినది పెట్టాలి.

బిల్లులో దాగి ఉండేవి

రోజు అద్దె చూసి లెక్క వేసుకుంటే దెబ్బతింటారు. రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతం. అంతకు ముందు 12 శాతం ఉండేది. ఉదాహరణకు రోజుకు 2,500 చొప్పున 30 రోజులకు 75,000 అయితే, ట్యాక్స్ 3,750 కలిపి 78,750 రూపాయలు. ఇంకా 12 శాతం అంటే ప్రశ్నించాల్సిందే. నెల మొత్తానికి ఉంటామంటే రేటు తగ్గిస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు.

కరెంటు అద్దెలోనే కలిసి ఉందా, వేరా? వేరైతే దిగిన రోజే మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయాలి. ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగితే, లేదా వారం పెరిగితే డబ్బులు ఎలా అన్నది కూడా మెసేజ్‌లో రాయించుకోవాలి. నోటిమాట తర్వాత పనికిరాదు.

అడ్వాన్స్ పేరుతో మోసాలు

హాస్పిటల్ హడావుడిలో ఉన్నవాళ్లే మోసగాళ్లకు ఈజీ టార్గెట్. తక్కువ రేటు, అందమైన ఫొటోలు, 'ఇప్పుడే టోకెన్ వేయకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాం' అనే తొందర.. ఈ మూడూ కలిస్తే అనుమానించాలి. హాస్పిటల్‌కు ముందే ఒకసారి వెళ్తారు కదా, అప్పుడే ఫ్లాట్ కళ్లారా చూసి అడ్వాన్స్ ఇవ్వండి. రీఫండ్ వస్తుంది, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే అది పక్కా మోసం. డబ్బులు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పోగొట్టుకుంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

ఐడీ కోసం ఆధార్ అడిగితే మొదటి 8 అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. యూఐడీఏఐ సైట్‌లో ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. కొడుకో, కూతురో విదేశీ పాస్‌పోర్ట్‌తో వచ్చి ఉంటే, వారి వివరాలు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ఇమిగ్రేషన్ అధికారులకు ఇవ్వాల్సిన బాధ్యత ఓనర్‌ది. ఇక్కడి నుంచి పని చేయడానికి తమ కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం వాళ్ల బాధ్యత.

చివరగా ఒక్క మాట. పొద్దున హాస్పిటల్, మధ్యాహ్నం వంట, రాత్రి కాల్స్.. ఇవన్నీ ఒక్కరే మోస్తే రెండో వారానికే కుదేలవుతారు. వారానికి ఒక్క రోజైనా అన్నో, అక్కో, పిన్నో వచ్చి కూర్చునేలా ముందే మాట్లాడుకోండి. ఇంకో గది తీసుకున్నది ల్యాప్‌టాప్ కోసమే కాదు, చూసుకునే మనిషి కూడా కాసేపు కన్ను మూయడానికి!