మందు మోతాదు మరిచిపోతున్నారా? బీపీ, షుగర్ చూపించుకోండి

పొలానికి బయలుదేరి సగం దూరం పోయాక మోటారు గది తాళం చెవి ఇంట్లోనే మరిచామని గుర్తొస్తుంది. స్ప్రేయరు ట్యాంకులో మందు ఎన్ని మూతలు పోశామో, మూడా నాలుగా అని తడబడతాం. ఎరువుల కొట్లో బాకీ ఎంతో ఒకప్పుడు నోటితోనే చెప్పేవాళ్లం, ఇప్పుడు చీటీ వెతుక్కుంటున్నాం. 45, 50 ఏళ్లు దాటిన రైతుల్లో చాలామందికి ఇది అనుభవమే. "వయసు మీద పడుతోంది, ఏం చేస్తాంలే" అని సరిపెట్టుకుంటారు.

అప్పుడప్పుడు మరుపు ఎవరికైనా సహజం. కానీ అది నానాటికీ పెరుగుతుంటే వయసు మీదికి నెట్టేసి ఊరుకోకూడదు. నడివయసులో అదుపు తప్పిన బీపీ, షుగర్, పొట్ట చుట్టూ చేరిన కొవ్వు, తగ్గిన నడక కాలక్రమంలో మెదడుకు చేటు చేస్తాయి. వీటిని చాలావరకు మనం అదుపులో పెట్టుకోవచ్చు. రెండెకరాల రైతుకు ఇది మరీ ముఖ్యం. విత్తనం ఎంపిక, మందు మోతాదు, అప్పు లెక్క, పంట అమ్మకం, అన్నింటికీ ఆయన బుర్రే పెట్టుబడి. తప్పు జరిగితే సరిదిద్దడానికి పైన మరొకరు ఉండరు.

చివరి ఆయకట్టుకు నీరందనట్టు

మన శరీరం బరువులో మెదడు బరువు 2 శాతమే. అయినా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు అదే వాడుకుంటుంది. ఆ శక్తి అంతా రక్తం ద్వారానే అందాలి. మెదడు లోలోపలి భాగాలకు రక్తం తీసుకెళ్లే నాళాలు చాలా సన్నవి. ఆ భాగాలు కాలువ చివరి ఆయకట్టు లాంటివి. పైన పూడిక చేరినా, గట్టు దెబ్బతిన్నా మొదట ఎండేది చివరి మడే కదా.

బీపీ ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు మందమై బిరుసెక్కుతాయి. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువున్నా నాళాలకు చేటే. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినకొద్దీ శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో కండరాలు వాడుకోవలసిన చక్కెర రక్తంలోనే మిగిలిపోతుంది. పక్షవాతం వచ్చేంత పెద్ద దెబ్బ తగలకపోయినా, అక్కడక్కడా రక్తం చాలక మెదడు చురుకుదనం తగ్గుతుంది. లెక్క కట్టడం నెమ్మదిస్తుంది. రెండు పనులు ఒకేసారి చూసుకోవడం, ముందువెనుకలు ఆలోచించి నిర్ణయం తీసుకోవడం కష్టమవుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మనకు తెలియదు.

పొలం పని చేస్తున్నాం కదా!

"రోజంతా పొలంలో ఉండేవాళ్లం, మాకు షుగర్ ఏమిటి?" అని చాలామంది అంటుంటారు. ఒకసారి లెక్క వేసుకోండి. దుక్కి ట్రాక్టరుతో, కోత మిషనుతో, పొలానికి పోవడం మోటారు సైకిలు మీద. నాట్లప్పుడు, కలుపులప్పుడు ఒళ్లు విరిగేలా పని చేస్తాం. ఆ తర్వాత వారాల తరబడి రచ్చబండ, టీ కొట్టు. ఏడాది పొడవునా సాగే కష్టం ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు.

తిండీ మారింది. జొన్నలు, కొర్రలు, రాగులు తిన్న మెట్ట ప్రాంతాల్లోనూ ఇప్పుడు తెల్లన్నమే. 1983లో వచ్చిన కిలో 2 రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది, కాదనలేం. అయితే పని తగ్గి అన్నం తగ్గకపోతే ఆ మిగులు పొట్ట దగ్గర చేరుతుంది. ఇక బీపీకి కష్టజీవి, సుఖజీవి అనే తేడా లేదు. ఉప్పు, ఊరగాయలు, బీడీ, సారా ఉంటే చాలు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. పెద్దవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా బీపీ ఉంది. పల్లెలు ఇందుకు మినహాయింపు కాదు.

పరిశోధనల్లో తేలింది

స్వీడన్‌లో 1968లో 38 నుంచి 60 ఏళ్ల మహిళలు 191 మందికి సైకిలు తొక్కించి వారి దేహదారుఢ్యాన్ని కొలిచారు. తర్వాత 44 ఏళ్లపాటు వారిని గమనించారు. బాగా దారుఢ్యం ఉన్నవారిలో 5 శాతం మందికే డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు వచ్చింది. దారుఢ్యం తక్కువగా ఉన్నవారిలో 32 శాతం మందికి వచ్చింది. ఇది చిన్న అధ్యయనం. దీన్నిబట్టి నడక ఒక్కటే కాపాడుతుందని చెప్పలేం.

అమెరికాలో 50 ఏళ్లు దాటిన బీపీ రోగులు 9 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. పై బీపీని 120 లోపు ఉంచిన వారిలో, 140 లోపు ఉంచిన వారికన్నా తొలిదశ మతిమరుపు 19 శాతం తక్కువగా కనిపించింది. మీకు ఎంతవరకు తగ్గించాలో మాత్రం డాక్టరే చెప్పాలి.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల బృందం డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను గుర్తించింది. బీపీ, షుగర్, ఊబకాయం, చెడు కొలెస్ట్రాల్, వ్యాయామం లేకపోవడం, పొగ, అతిగా తాగుడు, చెవుడు వీటిలో ఉన్నాయి. వీటన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలో ఈ జబ్బు కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని ఆ బృందం అంచనా.

రైతులు చేయవలసినవి

* 30 ఏళ్లు దాటినవారు ఏడాదికి ఒకసారైనా బీపీ, షుగర్ చూపించుకోవాలి. ఊళ్లోని ఉపకేంద్రంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షలు ఉచితం. ఆశా కార్యకర్తను అడగండి.

* బీపీ 140/90, అంతకు మించి ఉంటే ఎక్కువ ఉన్నట్టు. పరగడుపున షుగర్ 126, అంతకు మించి ఉంటే మధుమేహం ఉన్నట్టు. 100 నుంచి 125 మధ్య ఉంటే హెచ్చరిక. ఒక్కసారి చూసి తేల్చేయకుండా మరోసారి చేయించాలి.

* బొడ్డు మట్టాన నడుము కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే తగ్గించుకోవాలి.

* పనుల్లేని నెలల్లో రోజుకు అరగంట చొప్పున, వారానికి అయిదు రోజులు చురుగ్గా నడవాలి. పొలం దగ్గరైతే బండి ఇంటి దగ్గరే ఉంచండి.

* పళ్లెంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచాలి. ఒక పూట జొన్న రొట్టె, కొర్రన్నం మంచిదే, అయితే అవీ మితంగానే. మనిషికి రోజుకు ఉప్పు అన్నీ కలిపి ఒక టీ చెంచా మించకూడదు. పచ్చళ్లలోది కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

* బీడీ, చుట్ట, గుట్కా, సారా మానాలి.

* బీపీ అదుపులోకి వచ్చిందని మాత్రలు ఆపేయకూడదు. మాత్ర వేసుకోబట్టే అదుపులో ఉంది. ఆపితే మళ్లీ పెరుగుతుంది.

ఈ జాగ్రత్తలు మరవద్దు

షుగర్ మాత్ర వేసుకుని, తిండి తినకుండా పొలం పనికి పోతే చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు, చేతులు వణకడం, తికమక పడటం దీని గుర్తులు. జేబులో చక్కెర పొట్లమో, బెల్లం ముక్కో ఉంచుకుని వెంటనే తినాలి. స్పృహ తప్పిన వారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

పురుగుమందు కొట్టిన తర్వాత తికమక, వాంతులు, చొంగ, చూపు మసకబారడం కనిపిస్తే అది మందు విషం కావచ్చు. ఒక్కసారిగా మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

మరుపంతా బీపీ, షుగర్ వల్లే అనుకోనక్కర్లేదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, నిద్రలేమి, దిగులు వల్ల కూడా వస్తుంది. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. అప్పుల దిగులుతో నిద్ర పట్టకపోతే అది కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఈ వారంలో ఒక పూట తీరిక చేసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రండి. ఇంటి ఇల్లాలినీ వెంట తీసుకెళ్లండి. తన సంగతి ఆమె ఎప్పుడూ చివరికే వదిలేస్తుంది. వచ్చిన అంకెలు ఎరువుల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీలో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది పోల్చి చూసుకోవచ్చు.