మద్దెలదా తప్పు, ఆటదా?

మొన్నొక శుక్రవారం ఒక మిత్రుని ఇంట భోజనాలయ్యాక, అందరం కాఫీ గ్లాసులతో హాల్లో చేరినప్పుడు, మాట కార్ల మీదకు మళ్ళింది. దోహాలో ఇది మామూలే. ఇస్తిమారా గడువు దగ్గర పడినవారు ఫాహెస్ సంగతి ఎత్తుతారు. అక్కడి నుంచి జపాను బండి మేలా, జర్మనీ బండి మేలా అన్న వాదం మొదలవుతుంది. ఆనాడు మాత్రం వాదం జర్మనీ కార్ల కర్మాగారాలలో ఊడుతున్న ఉద్యోగాల మీదకు పోయింది. "అంతా ప్రభుత్వాలు చేసిన పాపమండీ" అన్నారొకరు. "బండి బాగుంటే జనం ఎందుకు కొనరు?" అన్నారు మరొకరు. ఇద్దరూ ఇంజనీర్లే. ఇద్దరూ నెగ్గలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ వాదం నన్ను వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఫోక్స్‌వ్యాగన్ అన్న పేరు తెలుగువారికి కొత్త కాదు. 2005లో ఆ ఫ్యాక్టరీ విశాఖపట్నానికి వస్తోందని మురిసిపోయాం. రాష్ట్ర ప్రభుత్వం ఒక సంస్థకు 11 కోట్ల రూపాయలకు పైగా చెల్లించడం, ఆ సొమ్ము చేరవలసిన చోటికి చేరలేదని తేలడం, చివరకు ఫ్యాక్టరీ పూణె దగ్గరి చాకణ్‌కు వెళ్ళిపోవడం మనకు తెలిసిందే. ఒక్క కారూ తయారు కాకుండానే నిందలు మాత్రం పుష్కలంగా తయారయ్యాయి.

ఇప్పుడు మనం అన్నం తింటున్న ఈ దేశానికీ ఆ కంపెనీతో చుట్టరికం ఉంది. 2009లో కుదిరిన ఒప్పందంతో మొదలై, ఫోక్స్‌వ్యాగన్ ఓటు హక్కులలో 17 శాతం ఖతార్ చేతికి వచ్చింది. ఆ కంపెనీ పర్యవేక్షక మండలిలో 20 కుర్చీలు. అందులో పది కార్మిక పక్షానివి, రెండు లోయర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వానివి, రెండు ఖతార్‌వి. అంటే కార్మికుడు, రాజకీయ నాయకుడు, పెట్టుబడి పెట్టినవాడు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారన్నమాట. అయినా కష్టం వచ్చినప్పుడు ఒకరినొకరు వేలెత్తి చూపించుకోవడం తప్పలేదు.

2024 సెప్టెంబరులో యాజమాన్యం జర్మనీలోనే ఫ్యాక్టరీలు మూయవలసి రావచ్చునని ప్రకటించింది. 1994 నుంచి ఉన్న ఉద్యోగ హామీని రద్దు చేసింది. డిసెంబరులో సుమారు లక్షమంది కార్మికులు కొన్ని గంటల పాటు పని ఆపారు. డిసెంబరు 20న రాజీ కుదిరింది. దాని ప్రకారం బలవంతపు ఉద్వాసనలు ఉండవు గాని, 2030 నాటికి జర్మనీలో 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గుతాయి.

ఇక నిందల జాబితా చూడండి. జీతాలు ఎక్కువ, కరెంటు ఖరీదు, చైనావాడు చవకగా అమ్ముతున్నాడు అన్నది యాజమాన్యం. పెద్దలు చేసిన పొరపాట్లకు మేమెందుకు బలి కావాలన్నది కార్మిక సంఘం. విద్యుత్ కార్ల సబ్సిడీని 2023 డిసెంబరులో ఉన్నపళాన ఆపేసిన ప్రభుత్వానిదే తప్పన్నది ప్రతిపక్షం. వీటిలో పూర్తిగా అబద్ధం ఏదీ లేదు. అయితే ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఊరికే పుట్టలేదు. మద్దెల నిజంగానే ఓటిది కావచ్చు. అంతమాత్రాన ఆట బాగున్నట్టు కాదు.

ఆట సంగతి బండినే అడగాలి. 2015 సెప్టెంబరులో బయటపడిన డీజిల్ మోసం గుర్తుందా? పరీక్ష జరుగుతోందని పసిగట్టి బండి అప్పటికి పొగ తగ్గిస్తుంది, రోడ్డెక్కాక మళ్ళీ యథాప్రకారం. మన ఫాహెస్‌లో బుద్ధిగా నిలబడి, సల్వా రోడ్డెక్కగానే తన గుణం చూపించిందనుకోండి, అలా. అటువంటి బండ్లు ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షలు. ఆ తర్వాత 2020లో వచ్చిన ఐ.డి.3 అనే విద్యుత్ కారును, సాఫ్ట్‌వేరు పూర్తికాకుండానే అమ్మకానికి పెట్టారు. ఏసీకి, పాటల శబ్దానికి మామూలు మీటలు తీసేసి వేలితో రాసే పట్టీలు పెట్టారు. చీకట్లో వాటికి వెలుగు కూడా లేదు. కొన్నవారు విసుక్కోగా మళ్ళీ మీటలే పెడతామని కంపెనీయే ఒప్పుకుంది. వీటిలో ఏ ఒక్క నిర్ణయమైనా లైను మీద నట్లు బిగించే మనిషి చేసినదా?

ఈ ప్రశ్నకు అమెరికాలో ఒకసారి అచ్చంగా ప్రయోగం చేసినట్టుగా జవాబు దొరికింది. 1979లో మన గల్ఫు పక్కనే ఇరాన్‌లో విప్లవం వచ్చి చమురు ధర పెరిగినప్పుడు, డెట్రాయిట్ పెద్ద కార్లు అమ్ముడుపోక లక్షలాది మందికి పని పోయింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. అక్కడి కార్మికులు బద్ధకస్థులని, సంఘం గయ్యాళిదని పేరు. 1984లో టొయోటా భాగస్వామిగా వచ్చి, అదే కప్పు కింద, అదే సంఘంతో, ఎక్కువ భాగం ఆ పాత కార్మికులతోనే పని మొదలుపెట్టింది. కొందరిని జపాను పంపి పని నేర్పించింది. లోపం కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపవచ్చునన్నది. కొద్ది కాలంలోనే అక్కడి కార్లు జపాను కార్లతో పోల్చదగినవయ్యాయి. చేతులు అవే, నడిపే పద్ధతి మారింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండును. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసి భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. 2010 ఏప్రిల్‌లో టొయోటా కూడా తలుపులు మూసింది. మంచి కార్లు చేసిన వేలమంది రోడ్డున పడ్డారు. నాణ్యత లేకపోతే కంపెనీ నిలవదు. నాణ్యత ఉన్నా ఉద్యోగం నిలుస్తుందన్న హామీ లేదు.

పరాయి దేశంలో ఉన్న మనం మరువరాని సంగతి ఇంకొకటి ఉంది. నాయకులు, పత్రికలు జపానువాడే మన కూడు తిన్నాడని చెప్పగా చెప్పగా, 1982 జూన్‌లో డెట్రాయిట్ ప్రాంతంలో విన్సెంట్ చిన్ అనే యువకుణ్ణి ఇద్దరు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. వారిలో ఒకడు కార్ల కంపెనీ ఫోర్‌మన్, రెండవవాడు పని పోయినవాడు. చనిపోయినవాడు జపానువాడైనా కాదు, చైనా సంతతివాడు. రాష్ట్ర కోర్టు వేసిన శిక్ష ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. పైనున్నవారు వేసే నింద కిందికి జారి జారి, చేతికి దగ్గరగా దొరికిన పరాయివాడి మీద పడుతుంది.

ఇక మన సంగతి. 2014లో బారెల్ 100 డాలర్లు దాటి ఉన్న చమురు, 2016 జనవరికి 30 డాలర్ల లోపుకు దిగింది. ఆ రెండేళ్ళలో దోహాలో ఎన్ని ఇళ్ళు సర్దుకున్నాయో పాత సభ్యులకు తెలుసు. పిల్లల చదువు మధ్యలో, కారు బ్యాంకు అప్పు మధ్యలో. వెళ్ళినవారి డ్రాయింగులలో లోపం లేదు, లెక్కలలో తప్పు లేదు. అయినా వెనక మనం ఏమనుకున్నాం? "ఏదో ఉండే ఉంటుందండీ, ఊరికే తీసేస్తారా?" ఆ మాట నేనూ అన్నాను. ఈనాడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

అందుచేత ఈసారి ఎక్కడైనా ఉద్వాసన వార్త వింటే, మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకుందాం. నిర్ణయం చేసినదెవరు? వస్తువు బాగోగులేమిటి? నష్టం మోస్తున్నదెవరు? మొదటి ప్రశ్నకు, మూడవ ప్రశ్నకు జవాబు ఒకే మనిషి కావడం బహు అరుదు. ఆ వార్త మన పక్క ఫ్లాటులోనిదైతే, ప్రశ్నలు తరువాత వేసుకోవచ్చు. ముందుగా తలుపు తట్టి, పిల్లల బడి సంగతి కనుక్కుందాం.