కారు మార్చాలా? ముందు పెట్రోలు పద్దు రాయండి

కిందటేడాది వేసవిలో మావారు కొత్త కారు మాట ఎత్తారు. "ఇది పెట్రోలు తాగేస్తోంది. దీనికి పోసే డబ్బుతో కొత్తదాని కిస్తీ కట్టుకోవచ్చు" అన్నది ఆయన వాదన. మాది 2013లో కొన్న చిన్న పెట్రోలు కారు. "ఇంతకీ ఎంత తాగుతోందండీ?" అని అడిగాను. రోజూ బ్రాంచిలో పైసాతో సహా లెక్క సరిచూసుకుని గానీ ఇంటికి రాని మనిషి దగ్గర దానికి జవాబు లేదు. ఆయన తప్పు కూడా కాదులెండి. పెట్రోలు రీయింబర్స్‌మెంట్ నెలనెలా వచ్చి పడుతుంటే బండి ఎంత తాగిందో చూడాల్సిన అవసరమేముంది? మన ఇళ్ళలో చాలావాటిలో ఇదే వరస. రిటైరయ్యాక గానీ ఆ ఖర్చు కంటికి కనబడదు.

బ్యాంకు వాళ్ళు ఏటా ఇచ్చే డైరీలో నేను పాల లెక్క రాస్తుంటాను. దాని వెనక పేజీలను పెట్రోలుకు కేటాయించాను.

రాయడం తేలికే గానీ ఒక పద్ధతి ఉంది. ట్యాంకు నిండా పోయించాలి. గన్ తనంతట తాను ఆగిన చోట ఆపేయాలి. మొత్తం రౌండుగా రావాలని ఇంకో నాలుగు చుక్కలు పోయించకూడదు. అప్పుడు మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో రాసుకోవాలి. మళ్ళీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, మీటరు ఎంతకు చేరిందో చూసి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. 372 కిలోమీటర్లు తిరిగాక 31 లీటర్లు పడితే మైలేజీ 12 అన్నమాట. మధ్యలో ఐదు వందలకో వెయ్యికో పోయించుకుంటే ఆ లీటర్లు కూడా కలుపుకోవాలి. బంకులో ఫోనుతో మీటరు ఫొటో తీసుకుని ఇంటికొచ్చి రాసేదాన్ని. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మకండి. నాలుగైదు సార్ల సగటే అసలు లెక్క. ఇంకో మాట, కంపెనీ చెప్పే మైలేజీ పరీక్షశాలలో తీసింది, విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తీసింది కాదు. బండిని కంపెనీ అంకెతోనో పక్కింటి వాళ్ళ బండితోనో కాదు, దాని నిన్నటి అంకెతోనే పోల్చాలి.

మే, జూన్ నెలల్లో మాకు 13.8, 13.6, 13.9 వచ్చాయి. ఆగస్టుకు 12.4. తర్వాత 11.9, 11.7. మావారు "చూశావా" అన్నట్టు చూశారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. మండుటెండల్లో ఏసీ మోసుకుంటూ 13.8 ఇచ్చిన బండి, వానలు పడ్డాక తగ్గడమేమిటి? వయసు మీద పడితే మైలేజీ ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది గానీ, రెండు నెలల్లో రెండు కిలోమీటర్లు పడిపోదు. అలా పడిపోయిందంటే అది వయసు కాదు, జబ్బు.

డైరీ పట్టుకునే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మొదట "బండికి వయసైపోయిందమ్మా, మార్చేయండి" అన్నాడు. అంకెలు చూపించాక కాసేపు ఆలోచించి, జాకీ వేసి చక్రాలు ఒక్కొక్కటే చేత్తో తిప్పాడు. ముందు ఎడమ చక్రం తిరగనంది. బ్రేకు కాలిపర్ పట్టేసి ఉంది. అంటే రెండు నెలలుగా మేము సగం బ్రేకు తొక్కుకుంటూనే నడుపుతున్నామన్నమాట. 3,800 రూపాయల్లో పనైపోయింది. తర్వాత ఐదు సార్ల సగటు 13.5. టైర్లలో గాలి తగ్గడం, స్పార్క్ ప్లగ్గులు అరిగిపోవడం, క్లచ్ జారడం, ఆక్సిజన్ సెన్సార్ పాడవడం కూడా ఇలా మైలేజీని తినేసేవే. కొత్త కారు కొనేంత పెద్ద జబ్బులేమీ కావు.

బండి తప్పు కాని తగ్గుదల కూడా ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 10 శాతం మిశ్రమం వరకే సరిచేసిన పాత కార్లకు 20 శాతంతో మైలేజీ 6-7 శాతం దాకా తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే అంచనా వేసింది. పాత రోజుల్లో 15 ఇచ్చేదని గుర్తుచేసుకుని బాధపడేవాళ్ళు దాంట్లో ఒక కిలోమీటరు దీనికి వదిలేయాలి.

ఇక అసలు లెక్క. మేము ఏటా తిరిగేది 7,500 కిలోమీటర్లు. లెక్క సులువు కోసం లీటరు 110 రూపాయలనుకుందాం. 13.5 మైలేజీతో ఏడాదికి సుమారు 61,100 రూపాయల పెట్రోలు. కొత్త కారు ఊళ్ళో 17 ఇస్తుందనుకుంటే 48,500. మిగిలేది 12,600, అంటే నెలకు వెయ్యి చిల్లర. కిస్తీ కట్టొచ్చన్న వాదన ఇక్కడే చల్లబడింది.

అవతలి వైపు చూడండి. బీమా వాళ్ళు కారు విలువ కట్టే పట్టిక ప్రకారం ఐదో ఏడు వచ్చేసరికి విలువ సగమవుతుంది. ఎనిమిది లక్షల కారు ఐదేళ్ళలో నాలుగు లక్షలు పోగొట్టుకుంటుంది, అంటే ఏటా 80,000. మా పాతదాని విలువ ఏటా పది వేలు తగ్గుతుందనుకున్నా తేడా 70,000. దాంట్లోంచి పెట్రోలు ఆదా తీసేస్తే 57,400. పాత బండి రిపేర్లు కొత్తదాని సర్వీసింగ్ కంటే ఏటా అంతకు మించి ఎక్కువైతేనే మార్చడం లాభం. మావారు బిల్లులు ఫైలు చేస్తారు కాబట్టి తీసి కూడాను. మూడేళ్ళలో 18,000, 21,000, 33,000. సగటు 24,000. మూడో ఏడు టైర్లు వేశాం, అవి కొత్త కారుకైనా తప్పవు.

వడ్డీ ఇంకా కలపలేదు. స్టాఫ్ రేటు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. స్టాఫ్ రేటుకూ స్టేట్ బ్యాంకు రేటుకూ ఉన్న తేడాను మన ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. ఆ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 మేలో తీర్పు చెప్పింది.

అలా నా వాదన నెగ్గింది. మావారు కొత్త కారు ఊసు మానేశారు. ఈలోగా ఆయనకు హైవే మీద ఉన్న బ్రాంచికి బదిలీ అయింది. రానూ పోనూ రోజుకు 60 కిలోమీటర్లు. మళ్ళీ డైరీ తీశాను. ఏడాదికి 22,500 కిలోమీటర్లయితే పెట్రోలు ఆదా 37,700కి పెరుగుతుంది. తూకం బాగా దగ్గరికొచ్చింది గానీ ఇంకా పాత బండి వైపే మొగ్గు. అయినా ఈసారి కారు మార్చమన్నది నేనే.

మా బండి ఆ రోజుల్లో అన్నిటికంటే చవక మోడల్. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. మన దేశంలో కార్లకు ఏబీఎస్ తప్పనిసరి చేసింది 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఆ ఏడాది జులై నుంచి. ఊళ్ళో ముప్ఫైలో తిరిగినన్నాళ్ళు అది నాకు పట్టలేదు. లారీల మధ్య తొంభైలో రోజూ వెళ్ళి రావాలంటే గుండె ఒప్పుకోలేదు. "మరి నీ లెక్క?" అని నవ్వారు మావారు. లెక్క లెక్కే. కొత్త కారుతో ఏటా కొంత చేతినుంచి పడుతుందని తెలిసే కొన్నాం. ఆ తేడా ఆయన ప్రయాణానికి కడుతున్నాం గానీ పెట్రోలు ఆదా అవుతుందన్న భ్రమలో కాదు.

రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్ళు. ఆ తర్వాత కారును పునరుద్ధరించుకునే ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. గడువు దగ్గరపడే కొద్దీ పాత బండికి ధర పలకదు, కాబట్టి అమ్మేవాళ్ళు ఆ తేదీ చూసుకోవాలి. మాది ఇంకా గడువులోనే ఉండగా కొనడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఊళ్ళోనే నడుపుకుంటాడట. బ్రేకులూ ఎయిర్‌బ్యాగ్ సంగతి ముందే చెప్పాం. బండి కంటే డైరీనే ఎక్కువసేపు చూశాడు. బేరం కుదిరాక డైరీ కూడా ఇమ్మన్నాడు. ముందు పేజీల్లో పాలవాడి లెక్క ఇంకా తేలలేదు మరి, జిరాక్స్ తీయించి ఇచ్చాను.