శిలీంధ్రాలు – తామర మొదలు నల్ల ఫంగస్ వరకు

వానాకాలంలో మూలన పెట్టిన తోలు చెప్పులకు పట్టే బూజు, నిలవ రొట్టె మీద కనిపించే పచ్చని నూగు, కుళ్ళిన కట్టె మీద మొలిచే పుట్టగొడుగు, తొడల మధ్య దురద పెట్టే తామర – ఇవన్నీ ఒకే వర్గానికి చెందిన జీవులని మీకు తెలుసా? వీటినే శిలీంధ్రాలు లేదా ఫంగస్ అంటారు. పరిశుద్ధ గ్రంథంలో లేవీయకాండము 13, 14 అధ్యాయాలలో బట్టలకు, ఇంటి గోడలకు పట్టే పొడ గురించి ఉంది. అది బూజేనని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే మనిషికి, ఫంగస్‌కు పరిచయం ఈనాటిది కాదు.

మొక్కా? జంతువా?

శిలీంధ్రం మొక్క కాదు, జంతువూ కాదు. దానికి పత్రహరితం లేదు కనుక ఎండతో ఆహారం తయారు చేసుకోలేదు. నోరు, పొట్ట లేవు కనుక మనలా తినలేదు. తాను ఉన్న చోటనే జీర్ణరసాలను బయటకు వదిలి, కరిగిన ఆహారాన్ని పీల్చుకుంటుంది. దాని కణం చుట్టూ కైటిన్ అనే గట్టి గోడ ఉంటుంది. రొయ్య పెంకులో ఉండే పదార్థం కూడా ఇదే. శిలీంధ్రాలు ఎక్కువగా సిద్ధబీజాల ద్వారా వ్యాపిస్తాయి. కంటికి కనిపించని ఈ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తేమ, వెచ్చదనం, ఆహారం దొరికితే చాలు, మొలకెత్తుతాయి.

ముఖ్యమైన రకాలు

1. ఈస్ట్‌లు: ఇవి ఒకే కణం గల జీవులు. మొగ్గ తొడిగినట్లు ఒకటి రెండుగా పెరుగుతాయి. రొట్టె పిండి పొంగేది వీటి వల్లనే. పసిపిల్లల నాలుక మీద తెల్లని పూత, స్త్రీలలో దురదతో కూడిన తెల్లబట్ట తరచుగా కాండిడా అనే ఈస్ట్ వల్ల వస్తాయి.

2. బూజులు: ఇవి సన్నని దారాలలా అల్లుకుంటాయి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నది ఒక బూజు నుండే. కానీ తడిసిన వేరుశెనగ, మొక్కజొన్నలకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. కాబట్టి బూజు పట్టిన గింజలను పారవేయండి.

3. పుట్టగొడుగులు: మనకు కనిపించే గొడుగు కాయ వంటిది మాత్రమే. అసలు జీవి దారాల రూపంలో నేలలో ఉంటుంది. అడవిలో దొరికే తెలియని పుట్టగొడుగులను తినవద్దు. కొన్నింటి విషం వండినా పోదు.

తామర విషయంలో జరిగే పొరపాటు

శిలీంధ్రాలలో చాలా రకాలు మన శరీరపు వేడికి తట్టుకోలేవు. అందుకే సుమారు లక్షన్నర జాతులను గుర్తించినా, మనిషికి జబ్బు చేసేవి కొన్ని వందలే. తామర ఫంగస్ చర్మం పైపొర, జుట్టు, గోళ్ళలో ఉండే కెరటిన్‌ను తిని బ్రతుకుతుంది. మధ్యలో మానుతూ అంచుల వైపు పాకుతుంది కనుక మచ్చ ఉంగరంలా కనిపిస్తుంది.

చాలామంది మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ఆయింట్‌మెంట్ కొని రాస్తారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ దురదను, ఎరుపును అణచివేస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు. పైగా దానితో పోరాడే చర్మపు శక్తిని తగ్గిస్తుంది. మూడు రోజులు హాయిగా ఉంటుంది, ఆపగానే రెట్టింపుగా వస్తుంది. మామూలు మందులకు లొంగని తామర నేడు మన దేశంలో ఎక్కువ కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. యాంటీబయాటిక్ మాత్రలు కూడా ఫంగస్ మీద పనిచేయవు.

నల్ల ఫంగస్

2021లో కరోనా రెండవ దశలో మ్యూకార్‌మైకోసిస్ ఎందరినో బలిగొన్నది, ఎందరి కంటి చూపునో తీసింది. ఆ బీజాలు మట్టిలో, కుళ్ళిన ఆకులలో ఎప్పుడూ ఉండేవే. ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయవు. అదుపులో లేని షుగర్, ఎక్కువ స్టెరాయిడ్ వాడకం వాటికి దారి ఇచ్చాయి. ఇది ఒకరి నుండి ఒకరికి అంటదు. ముఖం ఒక వైపు నొప్పి, కన్ను వాపు, ముక్కు నుండి నల్లని స్రావం, అంగిలి నల్లబడటం, పళ్ళు కదలడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి రండి.

మీరు చేయవలసినవి

• స్నానం తరువాత గజ్జలు, చంకలు, కాలి వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోండి.
• ఒకరి తువ్వాలు, లోదుస్తులు మరొకరు వాడవద్దు. బట్టలను ఎండలో ఆరవేయండి.
• ఇంట్లో ఒకరికి తామర ఉంటే మిగిలినవారినీ చూపించండి. ఒక్కరికే వైద్యం చేస్తే మళ్ళీ అంటుకుంటుంది.
• మచ్చ పోయినట్లు కనిపించినా, డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడండి.
• షుగర్ ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకోండి.

తామర సిగ్గుపడవలసిన జబ్బు కాదు. దాచుకుని సొంత వైద్యం చేసుకుంటే నెలల తరబడి బాధ తప్పదు. త్వరగా వచ్చి చూపించుకుంటే తప్పక నయమవుతుంది. దేవుడు మనకు అప్పగించిన ఈ శరీరాన్ని శుభ్రంగా కాపాడుకోవడం మన బాధ్యత.