లెంటిక్యులర్ గెలాక్సీ

టెలిస్కోపు చిత్రాలతో వచ్చే వార్తల్లో తరచూ కనిపించే ఈ మాటకు అర్థం కటకం ఆకారపు గెలాక్సీ. కటకానికి ‘లెన్స్’ అనే లాటిన్ పేరు మసూర్ పప్పు వల్ల వచ్చింది. పక్కనుంచి చూస్తే ఈ గెలాక్సీ కూడా నడుమ ఉబ్బి, అంచుల్లో పలచబడిన గింజలాగే ఉంటుంది. పళ్లెం ఉంది గానీ సర్పిల భుజాలు లేవు. నక్షత్రాలు పుట్టడానికి కావలసిన చల్లని వాయువు చాలామటుకు అయిపోయింది, ముదురు నక్షత్రాలే మిగిలాయి. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ 1936లో దీన్ని సర్పిల, దీర్ఘవృత్తాకార గెలాక్సీల మధ్య ఎస్‌0 పేరుతో ఊహించాడు.

ఆ వాయువు ఎటు పోయింది? జవాబు చాలావరకు ఇరుగుపొరుగులోనే ఉందని నా అభిప్రాయం. 1980లో ఖగోళ శాస్త్రవేత్త అలన్ డ్రెస్లర్ 55 పెద్ద గెలాక్సీ గుచ్ఛాలను పరిశీలించి, రద్దీ పెరిగేకొద్దీ సర్పిలాలు తగ్గి లెంటిక్యులర్లు పెరుగుతాయని చూపాడు. గుచ్ఛంలో నిండిన వేడి వాయువు, అందులోకి దూసుకొచ్చే గెలాక్సీని ఊడ్చేస్తుందన్నది ఒక వివరణ. కానీ కొద్దిపాటి గెలాక్సీలుండే చిన్న గుంపుల్లో అంత వేడి వాయువు ఉండదు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. డ్రాకో తారామండలం దిశలో సుమారు 5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న లెంటిక్యులర్ గెలాక్సీ ఎన్‌జీసీ 5866 అలాంటి గుంపులోదే. దాని సహచరులు ఎన్‌జీసీ 5907, 5879 సర్పిలాలుగానే ఉన్నాయి. అయితే చిన్న గుంపులో గెలాక్సీల వేగం తక్కువ. అందుకే ఒకదాన్నొకటి సమీపించినప్పుడు ఆకర్షణ ఎక్కువసేపు పనిచేస్తుంది, విలీనాలు తేలికవుతాయి. అంటే పొరుగు ప్రభావం తప్పని కాదు, దాని దారులు ఒకటికి మించి ఉన్నాయని. ఎన్‌జీసీ 5866 నడుమ నల్లటి ధూళి పట్టీ ఇంకా కనిపిస్తుండటం, సరుకు పూర్తిగా ఖాళీ కాలేదనడానికి సాక్ష్యం.