ప్రత్యక్ష ఎలక్ట్రిక్ జాజ్ శ్రవణం: ‘సెల్లార్ డోర్ సెషన్స్ 1970’

లక్ష్యాలు

ఈ పాఠం చదివి, సూచించిన రికార్డింగులు విన్న తర్వాత మీరు:

• ఫ్యూజన్ జాజ్ అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
• ఒకే రచన ఒక రాత్రికీ మరో రాత్రికీ ఎలా మారిందో గుర్తించగలుగుతారు.
• కచేరీ రికార్డింగుకూ, దాన్ని కత్తిరించి కూర్చిన ఆల్బమ్‌కూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామందికి ఈ సంగీతం కొత్త. మొదటిసారి వింటే మోతగా, గందరగోళంగా అనిపించవచ్చు. అలా అనిపించినంత మాత్రాన మీకు సంగీత జ్ఞానం లేదని అనుకోకండి. ఆశువుగా వాయించే సంగీతంలో ఏది ముందే అనుకున్నది, ఏది అప్పటికప్పుడు పుట్టినది అన్నది ఒక్కసారి వింటే ఎవరికీ తెలియదు. అదే బృందం అదే రచనను మరో రాత్రి ఎలా వాయించిందో విన్నప్పుడే ఆ తేడా తెలుస్తుంది. ఈ పాఠంలో మనం నేర్చుకోబోయే ముఖ్యవిషయం ఇదే.

ఇందుకు చక్కగా పనికివచ్చే రికార్డింగు ఒకటి ఉంది. 1970 డిసెంబరు 16 నుంచి 19 వరకు, బుధవారం మొదలు శనివారం దాకా, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని సెల్లార్ డోర్ అనే చిన్న క్లబ్బులో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన బృందంతో వాయించాడు. కొలంబియా సంస్థ ఆ నాలుగు రాత్రులూ టేపులకెక్కించింది. వాటిలో ఎంపిక చేసిన కచేరీలు 35 ఏళ్ల తర్వాత, 2005లో, ఆరు సీడీల బాక్స్ సెట్‌గా వచ్చాయి.

2. బృందం, వాద్యాలు

జాజ్‌లోని ఆశువాదనకు రాక్, ఫంక్ సంగీతాల లయనూ, విద్యుత్ వాద్యాలనూ జోడించినది ఫ్యూజన్. డేవిస్ 1960ల చివర్లో ఈ దారి పట్టాడు. 1970లో వచ్చిన ‘బిచెస్ బ్రూ’ ఆల్బమ్ ఆ మార్పును లోకానికి చాటింది.

సెల్లార్ డోర్ బృందంలో శాక్సఫోన్ గ్యారీ బార్ట్జ్‌ది, డ్రమ్స్ జాక్ డిజానెట్‌వి. బ్రెజిల్ తాళవాద్యాలు వాయించినవాడు అయిర్టో మొరైరా. కీత్ జారెట్ ఎలక్ట్రిక్ పియానోనూ ఆర్గన్‌నూ పక్కపక్కన పెట్టుకుని, చెరో చేత్తో చెరొకటి వాయించేవాడు. బేస్ గిటార్ వాయించిన మైకేల్ హెండర్సన్‌కు అప్పటికి 19 ఏళ్లే. అతను జాజ్ నుంచి వచ్చినవాడు కాదు. స్టీవీ వండర్ వంటి సోల్ గాయకుల వెనక వాయించినవాడు. ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుంటే నిమిషాల తరబడి వదిలేవాడు కాదు. మిగిలినవారు ఎంత దూరం వెళ్లినా తిరిగి రావడానికి ఒక గుంజ పాతినట్టు ఉంటుంది అతని వాదన.

విద్యుత్తు చేసిన పని ధ్వనిని పెంచడం ఒక్కటే కాదు. డేవిస్ ట్రంపెట్ ధ్వనిని మైకు ద్వారా ‘వా-వా’ పెడల్‌లోకి పంపాడు. కాలితో ఆ పెడల్‌ను తొక్కుతూ ఉంటే, ధ్వనిలో ఒకసారి మంద్ర భాగం, మరోసారి తార భాగం ముందుకొస్తుంది. మనిషి నోరు తెరుస్తూ మూస్తూ ‘వా’ అన్నట్టు వినిపిస్తుంది. తొలిసారి వినేవారు చాలామంది ఇది గిటార్ అనుకుంటారు. అలా పొరబడితే ఆగి, మళ్లీ వినండి.

3. వినే పద్ధతి

ఆరు డిస్కులూ వరసగా వినకండి. అలసిపోతారు, ఏదీ గుర్తుండదు. ఒకే రచనను ఎంచుకోండి. నేను సూచించేది ‘వాట్ ఐ సే’. మొదటి డిస్కులో బుధవారం నాటిది, అయిదో డిస్కులో శనివారం నాటిది ఉన్నాయి.

మొదటి దశ: బుధవారం వాదనను బేస్ మీదే దృష్టి పెట్టి వినండి. ఆ స్వరగుచ్ఛాన్ని మీరు కూనిరాగంగా తీయగలిగేదాకా వినండి.

రెండో దశ: మళ్లీ అదే వాదన. ఈసారి డ్రమ్స్ మాత్రమే. బేస్ కదలకుండా ఉంటే డ్రమ్స్ ఎంత స్వేచ్ఛ తీసుకుంటున్నాయో గమనించండి.

మూడో దశ: ఇప్పుడు శనివారం వాదన. ఏది అలాగే ఉంది, ఏది మారింది అన్నది రెండు నిలువు వరసలుగా కాగితం మీద రాయండి. మొదట మీ కంటపడేది గిటార్. జాన్ మెక్‌లాఫ్లిన్ చివరి రాత్రి మాత్రమే బృందంతో కలిశాడు. అతను రాగానే మిగతావారు ఎవరెవరు చోటు ఇచ్చారు, ఎవరు పోటీకి దిగారు అన్నది చూడండి.

రెండు రాత్రుల్లోనూ నిలిచినది రచన. మారినది ఆశువాదన. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇక్కడ ‘మనోధర్మం’ అన్న మాట గుర్తుకు రావచ్చు. పోలిక కొంతవరకే పనికివస్తుంది. ఇక్కడ రాగ లక్షణం వంటి కట్టుబాటు లేదు. కట్టుబాటు అంతా ఆ బేస్ గుచ్ఛానిదీ, లయదీ.

ఈ మెక్‌లాఫ్లినే తర్వాత 1970లలో జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్‌లతో ‘శక్తి’ బృందాన్ని నడిపాడు. అతని తర్వాతి బృందం ‘రిమెంబర్ శక్తి’లో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించినది మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్.

4. కచేరీ, ఆల్బమ్: ఒక పొరపాటు

ఈ బాక్స్ సెట్ రాకముందు నేను తరగతిలో ‘లైవ్-ఈవిల్’ వినిపించేవాణ్ణి. సెల్లార్ డోర్ టేపుల నుంచి కొన్ని భాగాలు తీసుకుని, స్టూడియో రికార్డింగులు కొన్ని కలిపి 1971లో విడుదల చేసిన ఆల్బమ్ అది. అందులో మొదటిది ‘సివాడ్’. కొన్ని నిమిషాలు పరుగులు తీసిన సంగీతం ఉన్నట్టుండి నిదానమైన, బరువైన నడకలోకి మారుతుంది. “చూడండి, ఒక్క సైగతో బృందమంతా ఎలా మలుపు తిరిగిందో!” అని నేను చెప్పేవాణ్ణి. విద్యార్థులు పరీక్షల్లో అదే రాసేవారు. నేను మార్కులు వేసేవాణ్ణి.

బాక్స్ సెట్ వచ్చాక అయిదో డిస్కు పెట్టుకుని ఆ మలుపు కోసం కాచుకుని కూర్చున్నాను. మలుపు రాలేదు. ‘డైరెక్షన్స్’ అనే ఆ రచన ఇంకా చాలాసేపు అదే ఊపులో సాగింది. ‘సివాడ్’ అన్నది ‘డైరెక్షన్స్’, ‘హాంకీ టాంక్’ అనే రెండు రచనల ముక్కలను అతికి చేసినది. నేను మెచ్చుకున్న మలుపు వేదిక మీద జరగలేదు. నిర్మాత టియో మాసెరో టేపు కోసి అతికిన చోట జరిగింది. ఆల్బమ్‌లోని కచేరీ భాగాలన్నీ శనివారం నాటివే కావడంతో మెక్‌లాఫ్లిన్‌ను ఆ బృందంలో నిత్య సభ్యుడిగా చెప్పడం నా రెండో పొరపాటు. అప్పటి విద్యార్థుల జవాబులు ఇప్పుడు దిద్దలేను. మీరైనా ఆ పొరపాటు చేయకూడదని ఇక్కడ రాస్తున్నాను.

అంతమాత్రాన ‘లైవ్-ఈవిల్’ మోసం అనుకోకండి. ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు 20 నుంచి 25 నిమిషాలు. కోయక తప్పదు. పైగా డేవిస్, మాసెరోల దృష్టిలో టేపును కోసి కూర్చడం కూడా రచనలో భాగమే. కాబట్టి అది మరో కళాకృతి. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పే సాక్ష్యంగా మాత్రం దాన్ని వాడకూడదు.

మరి బృందం నిజంగా మలుపు తిరగలేదా? తిరిగింది. ఈ కచేరీల్లో ఒక రచన నుంచి మరో రచనకు ఆగకుండా వెళతారు. డేవిస్ ట్రంపెట్ మీద ఒక చిన్న పలుకు వాయిస్తే అదే సంకేతం. ఒక్కోసారి అందరూ వెంటనే అందుకుంటారు, ఒక్కోసారి కాస్త తడబడతారు. ఆ తడబాటు కూడా వినదగినదే. కత్తెరకు తడబాటు ఉండదు.

5. సారాంశం

ఆశువాదన పోలికలోనే తెలుస్తుంది. ఒకే రచనను వేర్వేరు రాత్రుల్లో వింటే నిలిచినదీ మారినదీ విడిపోతాయి. ‘లైవ్’ అని అట్టమీద ఉన్నంత మాత్రాన విన్నదంతా వేదిక మీద జరిగిందని రాయకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హెండర్సన్ బేస్ వాదన మిగిలినవారికి ఏ విధంగా ఆధారమైంది?
2. ‘వా-వా’ పెడల్ ట్రంపెట్ ధ్వనిని ఎలా మారుస్తుంది?
3. అయిదో డిస్కులో ‘డైరెక్షన్స్’ నుంచి ‘హాంకీ టాంక్’కు వెళ్లే అసలు చోటును గుర్తించండి. ‘సివాడ్’లోని అతుకుతో పోల్చి పది వాక్యాల్లో రాయండి.